మాట మీద నడిచే గుర్రం

భర్త చెంచయ్య మీద పితూరీ చెప్పమంటే వెంకటరావమ్మకు దొరికేది ఒక్కటే: ఆయన కొంటాడు. సీమకోళ్ళు కొన్నాడు, పాలివ్వని జెర్సీ ఆవును కొన్నాడు. కొనడం వరకే ఆయన వంతు, సాకడం ఆమె వంతు. ఎనభై అయిదులో, మిరప కోతల ముందు, గుర్రాన్ని కొన్నాడు. ఆటోలొచ్చి నల్లపాడు స్టేషన్ దగ్గర జట్కా ఎక్కేవాళ్ళు కరువైపోయాక జట్కా తోలే హయాత్ అమ్ముకున్న మోతీ అది. గంతలు విప్పితే బెదురుతుందని మాత్రం చెప్పి వెళ్ళాడు హయాత్. చేలగట్ల మీద జమీందారులా తిరగాలని చెంచయ్య కోరిక. మొదటిరోజే అది కదలకుండా మొండికేస్తే దిగిపోయి మళ్ళీ స్కూటరెక్కాడు.

ఉలవలు ఉడకెయ్యడం, లద్దె ఎత్తడం, ఒళ్ళు తోమడం ఇంటిపనిలో కలిసిపోయాయి. నలభై ఆరేళ్ళకు బి.ఏ. ఇలా అక్కరకొచ్చిందనుకుంది వెంకటరావమ్మ. పెళ్ళయిన కొత్తలో టీచరుద్యోగం వస్తే మామగారు వద్దన్నారు. ఆ తర్వాత మధ్యాహ్నం పూట ఆమె పుస్తకం పట్టుకున్నప్పుడల్లా, గుర్రం గుడ్డిదైనా దాణాకు లోటు లేదని ఆయనే సామెత విసిరేవారు. ఆయన పోయాక పొలంతో పాటు ఆ సామెత కూడా కొడుక్కి సంక్రమించింది.

ఒకరోజు మొహం కడుగుదామని గంతలు విప్పింది. మోతీకి రెండు కళ్ళలోనూ పువ్వేసి, చూపు పోయి ఉంది. ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత దాని మెడ కావిలించుకుని చాలాసేపు అలాగే నిలబడింది. భర్తకు చెబితే, నీకు సరైన జోడీ దొరికిందిలే అన్నాడు.

జోడీయే అయింది. కూలీలు చేలోకి రాకముందే, చీర కచ్చపోసి, బొంత మడతేసి ఎక్కడం నేర్చుకుంది. పడింది కూడా. నడుం పట్టేస్తే వంటింట్లో జారానని చెప్పింది, అందరూ నమ్మారు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ మోతీ నడిచేది. ఊరుకుంటే ముందుకాలు గాల్లో ఎత్తి, చెవి వెనక్కి తిప్పి, అలాగే ఆగిపోయేది. మళ్ళీ గొంతు వినపడితేనే ఆ కాలు నేలకు దించేది. అందుకని ఆమె మాట్లాడుతూనే ఉండేది. మామగారి గురించి, రాని ఉద్యోగం గురించి, పప్పులో ఉప్పు గురించి. ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరూ చెవినబెట్టని మాటల మీద ఒక ప్రాణి నమ్మి అడుగేస్తోంది. ఆ సంగతి తలుచుకుంటే గొంతు పూడుకుపోయేది. వెంటనే మోతీ ఆగిపోయేది. ఏడవడానికైనా తీరిక లేదు కదే నీతో, అనేది ఆమె. అది కదిలేది.

కళ్ళంలో మిరపకాయలు ఎండబోసే రోజుల్లో ఎవరో చూశారు. మీ ఇంట్లో గుర్రమెక్కేదెవరు బావా, అని చెంచయ్యను అడిగి నవ్వారు. ఆయన నేరుగా ఇంటికొచ్చి, చెర్నాకోలా తీసుకుని మోతీనెక్కాడు.

ఆమె వెనకే పరుగెత్తింది. "మాట్లాడుతూ ఉండండి. దానికి కళ్ళు లేవండీ, మాటే దారి."

"పెళ్ళానికే చెప్పి వెళ్ళనివాణ్ణి, గుర్రానికి చెప్పి వెళ్ళాలా?" అని కళ్ళంలో ఉన్నవాళ్ళ వైపు చూసి నవ్వాడు.

కాలువగట్టు మీద మోతీ ఆగింది. కాలెత్తి, మాట కోసం చెవి వెనక్కి తిప్పింది. ఆమె దూరం నుంచి అరుస్తూనే ఉంది. ఆయన చెర్నాకోలా ఝళిపించాడు.

ఆయనకు మోచెయ్యి చెక్కుకుపోయింది. మోతీకి ముందుకాళ్ళు రెండూ విరిగాయి. పశువుల డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. డాక్టరు సూది మందు వేస్తున్నంతసేపూ ఆమె కాలువలో కూర్చుని, దాని తల ఒళ్ళో పెట్టుకుని, మాట్లాడుతూనే ఉంది. చెవి కదలడం మానేశాక కూడా మాట్లాడింది.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ ఉలవలు నానబోసి, వాటి వంక చూస్తూ నిలబడిపోయింది. వంటింటి గుమ్మంలో చెంచయ్య చేతి కట్టు సర్దుకుంటున్నాడు. కాఫీ కాబోలనుకుని ఆమె పొయ్యి వైపు తిరిగింది.

"కాఫీ కాదు" అన్నాడాయన. "నువ్వు చెప్పావు. కాలెత్తి అది కూడా చెప్పింది. నేనే విన్లేదు. తప్పు నాదే, రావమ్మా."