తీసేసిన మాటల వరండా

పొద్దున్నే మామగారికి మొహం తుడిచి, కాఫీ గ్లాసు చేతికందించి, ఎండ పడకుండా వరండాలో కుర్చీ జరిపి, కోడలు ఆఫీసుకి పరుగెత్తేది. ఆఫీసంటే పురపాలక సంఘం ఆఫీసు. అక్కడ ఆమె ఉద్యోగం కామెంట్లు తీసేయడం. సంఘానికి ఫోన్లలో ఊరి పేజీ అని ఒకటుంది. కొత్త దీపం పెట్టినా, పాత దీపానికి రంగు వేసినా అందులో ఫొటో పెడతారు. దాని కింద జనం రాస్తారు. మెచ్చుకుంటే ఉంచాలి, మొత్తుకుంటే తీసేయాలి. అంతకు మించి పెద్ద చదువేమీ అక్కర్లేదు ఆ పనికి. ఆఫీసులో ఆమెని కత్తెరమ్మ అనేవాళ్లు. మొదట్లో ఉడుక్కుంది, తర్వాత అలవాటైపోయింది. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఆ జీతం లేకపోతే ఇల్లు గడవదు.

ఆమె పగలు తీసేసిన కామెంట్లన్నీ సాయంత్రం మామగారి నోట్లోంచి వచ్చేవి.

మామగారు ఒకప్పుడు ఊరి పత్రిక నడిపినాయన. నాలుగే నాలుగు పేజీలు, సంఘం ఇచ్చే టెండరు ప్రకటనల మీద బతికే పత్రిక. ఓసారి మురుగుకాలవ మీద ఎవరో పాఠకుడు రాసిన ఉత్తరం వేశాడు. అంతే, ప్రకటనలు ఆగిపోయాయి. కొన్నాళ్లకి పత్రికా ఆగిపోయింది. ఆఖరి సంచిక అచ్చయిన రోజునే ఆయన మాట కూడా పోయింది. డాక్టరు నరాల జబ్బని మాత్రలు రాసిచ్చాడు. ఆ మాత్రలు మింగుతూ ఏళ్ల తరబడి నోరు మెదపని మనిషి, కోడలు ఉద్యోగంలో చేరిన మొదటి సాయంత్రం, అచ్చం పాలాయన గొంతుతో, "మా వీధి కుళాయిలో పురుగులొస్తున్నాయయ్యా, కాస్త చూడండి" అన్నాడు. పక్కింటావిడ బట్టలు తీస్తూ విని, "పాలాయనకి జలుబు చేసినట్టుందే" అని మళ్లీ తన పనిలో పడింది.

ఇక చూడండి, సాయంత్రమయ్యేసరికి వరండా నిండిపోయేది. "పెద్దాయనా, ఇవాళ నాది వచ్చిందా?" అని అడుగుతూ మెట్ల మీద చతికిలబడేవాళ్లు. ఛైర్మన్‌ని నోటికొచ్చినట్టు తిట్టినవాడి కామెంటు వస్తే పిల్లల చెవులు మూసి మరీ వినేవాళ్లు. విని, నవ్వుకుని, గుండె తేలికపడి ఇళ్లకి పోయేవాళ్లు. అక్కడే వచ్చింది చిక్కంతా. వరండాలో వినబడింది కదా, ఇంక చెప్పాల్సిన చోట చెప్పినట్టే అనుకున్నారు మహానుభావులు! కోడలూ అంతే. తీసేస్తే ఏమైంది, ఇంట్లో వినబడుతుందిగా అనుకుని నిబ్బరంగా తీసేసేది.

వాళ్లందరిలోకీ పట్టు వదలని మనిషి టైలరక్క. బట్టలు కుట్టి, మూట కట్టి, రోజూ కాలవ మీద నడక వంతెన దాటి అవతలి దుకాణాలకి ఇచ్చొచ్చేది. ప్రతి వారం ఒకటే రాసేది: "వంతెన మధ్యలో ఇనప రేకు తుప్పు పట్టి ఊగుతోంది. ఎవరో ఒకరు పడతారు. ఆ పడేది నేనేనేమో."

"ఏమ్మా, నాది మళ్లీ తీసేశావా?" అని ఓరోజు అడిగింది కోడల్ని.

"తీసేశానక్కా. వంతెన అన్న మాట కనబడితే చాలు తీసేయమన్నారు. ఏం చెయ్యను చెప్పు?"

"నీ మీద కోపమేం లేదులే తల్లీ. నీ పొట్టకూడు నీది. అయినా ఈయన నోట వింటుంటే, నా గొంతు మరీ ఇంత కీచుగా ఉంటుందా అని సిగ్గేస్తోంది."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు తలుచుకుని కోడలు తర్వాత ఎన్నిసార్లు ఏడ్చిందో.

వరండా సంగతి ఛైర్మన్ చెవిన పడింది. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు, చిరాకుపడ్డాడంతే. "మీ మామగారు ఇంకా పత్రిక మానలేదన్నమాట" అన్నాడు కోడల్ని పిలిచి. మర్నాటి నుంచి పేజీలో కామెంట్లు మూసేయించాడు. రాసే వీలు ఇద్దరికే ఉంది, ఆయనకీ కోడలికీ. తీసేయడానికేమీ లేక మామగారి నోరు మళ్లీ మూతపడింది. జనం కొన్నాళ్లు వచ్చి కూచుని, ఆవలించి, రావడం మానేశారు.

టైలరక్క ఆఫీసుకే వెళ్లింది. బయటికొస్తూ కోడలి కిటికీ దగ్గర ఆగింది. "ఫిర్యాదులు పేజీలో రాయాలట, నోటితో చెబితే తీసుకోరట. పేజీలో రాయడానికి చోటేదే?"

కోడలు ఛైర్మన్ గది తలుపు కేసి ఓసారి చూసి, మళ్లీ కీబోర్డు మీదికి వంగింది.

వానలు మొదలయ్యాక రేకు ఊడింది. మూటతో సహా టైలరక్క కింద రాళ్ల మీద పడింది. ప్రాణం దక్కింది గానీ కుడి మోచెయ్యి నుజ్జయింది. ఈ చేత్తో ఇక సూది పట్టుకోలేవన్నారు డాక్టర్లు.

ఛైర్మన్ చెబుతుంటే కోడలు టైపు చేసింది: "నడక వంతెన గురించి సంఘానికి ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు. కనుక వైద్యం ఖర్చుతో సంఘానికి సంబంధం లేదు." టైపు చేసి, పేజీలో పెట్టి, బాత్రూములోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆసుపత్రిలో టైలరక్క ఎడం చేత్తో ఫోను పట్టుకుని పేజీ పైకీ కిందికీ తోస్తోంది. "నిజమేనే. ఎంత వెతికినా నాది ఒక్కటీ లేదు. అసలు రాశానా లేదా అని నాకే అనుమానం వస్తోంది" అంది.

సర్వసభ్య సమావేశం రోజున పక్కింటావిడ ఊళ్లో లేదు. మామగారిని చూసేవాళ్లు లేక కోడలు వెంటబెట్టుకెళ్లి వెనక బెంచీ మీద కూచోబెట్టింది. ఆమె పని ఫోనుతో ఫొటోలు తీసి పేజీలో పెట్టడం. ఛైర్మన్ తీర్మానం చదవడం మొదలెట్టాడు. "ఒక్క ఫిర్యాదూ రాలేదు" అనేసరికి ఆమె ఫొటోలు తీయడం ఆపేసింది. ధైర్యం తెచ్చుకుందని అనుకోకండి, భయంతోనే రాసింది. పేజీలో ఆ ప్రకటన కిందే రాసింది: "వచ్చాయి. రేకు ఊగుతోందని టైలరక్క ప్రతి వారం రాసింది. ఛైర్మన్‌గారు తీసేయమన్నారు, నేను తీసేశాను."

ఛైర్మన్ ఫోను బల్ల మీద గుర్రుమంది. చూశాడు, కోడలి వంక ఓ చూపు చూశాడు, బొటనవేలితో దాన్ని తీసేశాడు.

సాయంత్రం దాకా ఆగకుండా, వెనక బెంచీ మీద మామగారి నోట కోడలి గొంతు ఖంగుమంది. "వచ్చాయి. రేకు ఊగుతోందని టైలరక్క ప్రతి వారం రాసింది..."

సభలో వినబడిన ప్రతి మాటా మినిట్సు పుస్తకంలోకి ఎక్కాలి. అది రూలు. మినిట్సు రాసే గుమాస్తా తల ఎత్తకుండా రాసే రకం. ఆ మాటలూ రాసేశాడు.

"అది కొట్టెయ్యవయ్యా!" అని అరిచాడు ఛైర్మన్.

గుమాస్తా కొట్టేశాడు. కొట్టేశాడో లేదో మామగారు మళ్లీ అందుకున్నాడు. గుమాస్తా మళ్లీ రాశాడు. మళ్లీ కొట్టెయ్యమన్నారు, కొట్టేశాడు. మళ్లీ అదే గొంతు, అవే మాటలు. సభ్యులు గడియారం చూసుకుంటున్నారు, ఎవరి కడుపులో ఎలుకలు వాళ్లకి పరుగెడుతున్నాయి. మామగారి మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి, చొక్కా చెమటతో తడిసిపోయింది. "చాలు మామయ్యా, ఇంక చాలు" అని కోడలు ఆయన చేతులు పట్టుకుని బతిమాలింది. ఆపడం ఆయన చేతుల్లో ఉంటే కదా!

"అయ్యా, పేజీ అంతా కొట్టివేతలే అయింది. రాయమంటారా, కొట్టెయ్యమంటారా? ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు గుమాస్తా.

"ఛీ! ఉండనియ్యి, పీడా పోతుంది" అన్నాడు ఛైర్మన్.

గుమాస్తా ఉంచేశాడు. మామగారు బుస్సుమని ఊపిరి వదిలి బెంచీకి జారగిలబడ్డాడు.

మినిట్సులో ఉన్న మాటని కాదనడం సంఘం వల్ల కాలేదు. తర్వాత టైలరక్క ఆసుపత్రి ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు. చెయ్యి మాత్రం రాలేదు. వంతెనకి అడ్డంగా ఓ తాడు కట్టి ఊరుకున్నారు. పేజీలో కామెంట్లు ఇప్పటికీ మూసే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం మాత్రం, సభ ముగిసీ ముగియకుండానే, రేపట్నుంచి రానక్కర్లేదని కోడలికి చెప్పేశారు. ఆమె టిఫిన్ డబ్బా సంచీలో వేసుకుని, మామగారి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. భర్తకి ఏం చెప్పాలో, వచ్చే నెల ఎలాగో, ఆలోచన తెగడం లేదు. వీధి మలుపు దగ్గర ఆయన ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. ఈసారి వచ్చింది పాలాయన గొంతు కాదు, టైలరక్కదీ కాదు. ఆమె పెళ్లయి వచ్చిన కొత్తలో విన్న గొంతు, కాస్త బొంగురుపోయిందంతే.

"అచ్చయిందా?"

"అయింది మామయ్యా" అంది కోడలు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన తలాడించి నాలుగడుగులు వేసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"అయితే ప్రకటనలు ఆపేస్తారమ్మా."

"ఆపేశారు మామయ్యా" అంది.