ముట్టుగుడిసెలో పెట్టకోడి

జాజర్‌కోట్ కొండల్లో దేవీదత్త ఉపాధ్యాయ ఇంట కోడి అడుగు పెట్టడమంటే మామూలు విషయం కాదు. కోడి కూత వినబడితే చాలు, ఆ పెద్దాయన జంధ్యం సవరించుకునేవాడు. అలాంటి ఇంటి కోడలు తుల్సా, నాట్లకు సాయం వెళ్ళినందుకు కోళ్ళు పెంచుకునే మగర్ తెగ మనిషి దిల్‌కుమారి ఇచ్చిన పెట్టను చంకన పెట్టుకుని తిన్నగా వాకిట్లోకే వచ్చేసింది. ఆ ఇంట్లో పొలం మామది, గేదె మామది, చివరికి అత్త జయకళ నడుముకు వేలాడే తాళాలూ మామవే. బస్సు నడిపే మొగుడు దసరాకి వచ్చి పోతాడు. తనదంటూ ఒక్క ప్రాణి కావాలనుకుంది తుల్సా. అదీ తప్పేనా?

దిల్‌కుమారి పుంజు పొద్దస్తమానం ఈ పెట్ట వెనకే తిరిగేది కాబట్టి గుడ్లు పొదగడానికి పనికొస్తాయి. మామ ఎంత సణిగినా గేదె కొట్టం వెనక కట్టుకున్న గూట్లో ఒక్కటి మిగిల్చి మిగతావి తీసేది తుల్సా. అన్నీ తీస్తే పెట్ట చోటు మార్చేస్తుంది. కడిగితే మురిగిపోతాయని కడిగేది కాదు. చల్లటి మూలనున్న రాగుల గంపలో, సన్నటి మొన కిందికి ఉండేలా గుచ్చి, రోజూ కాస్త అటూ ఇటూ ఒరిగించేది.

పెట్ట ఈకలు ఉబ్బించుకుని గూడు కదలనని మొండికేసిన రోజునే, కర్మ కాలి, అత్త ఆ గంపలో చెయ్యి పెట్టింది.

"అమ్మో, అమ్మో! తినే గింజల్లో గుడ్లే!"

మామ పూజ మధ్యలోంచి లేచి వచ్చాడు. "తీసుకెళ్ళి లోయలో పారెయ్. ఇది బ్రాహ్మల ఇల్లా, సంతా? నువ్వు పారేస్తావా, నన్ను పారెయ్యమంటావా?"

తుల్సా గంప ఎత్తి ఆయన ముందు పెట్టింది. "మీరే పారెయ్యండి మామయ్యా. కాకపోతే నేనివాళ బయట చేరాను. గంప ముట్టుకున్నాను, గుడ్లు ముట్టుకున్నాను, కోడినీ ముట్టుకున్నాను. ఇక మీ ఇష్టం."

చాచిన చెయ్యి చప్పున వెనక్కి వెళ్ళిపోయింది.

బయట చేరడం పచ్చి అబద్ధం. అయితే ఏం?

పొలం చివరి ముట్టుగుడిసెలో నిలబడితే తల తగులుతుంది. పెళ్ళయినప్పటి నుంచీ నెలనెలా అందులో చలికి ముడుచుకుని పడుకున్న తుల్సాకి దాని పేరెత్తితేనే ఒళ్ళు మండేది. ఆ రోజు మాత్రం దర్జాగా వెళ్ళింది. గడ్డి పరిచి, గుడ్లు సర్ది, పెట్టను కూర్చోబెట్టి, గుమ్మంలో బాసింపట్టు వేసుకుంది. ఏ పెద్దమనిషి వస్తాడో రమ్మను!

నాలుగో రోజు అత్త గట్టు మీద నుంచి కేకేసింది. "స్నానం చేసి రావే! మోకాళ్ళు పట్టేసి పొయ్యి దగ్గర చస్తున్నాను."

"ఇంకా తగ్గలేదత్తా."

వారం దాటాక మళ్ళీ వచ్చింది. "ఇది ముట్టా తల్లీ, ఆగని ఏరా?"

"మీ ఇంటి మర్యాద కదత్తా, కాస్త గట్టిగానే పాటిస్తున్నాను."

అత్త గొణుక్కుంటూ కంచం పెట్టి వెళ్ళేది. రానురాను కంచంలో కోడికి నూకలు కూడా ఉండేవి.

మూడు వారాలకు గుడ్లు చిట్లాయి. కిచకిచలు ఇంటి దాకా వినబడ్డాయి కాబోలు, అత్తను వెంటబెట్టుకుని మామ గట్టు దాకా వచ్చాడు.

"మాడిన అన్నం తినలేక చస్తున్నాను. స్నానం చేసి ఇంట్లోకి రా. ఆ కోడి మాత్రం వాకిలి తొక్కకూడదు."

"అయితే నేనూ తొక్కను. ఇంకో మాట వినండి మామయ్యా. నేనసలు బయట చేరనే లేదు. మీ మడే నా గుడ్లకు కాపలా కాసింది."

ఆయన నోరు వెళ్ళబెట్టి పెళ్ళాం వైపు తిరిగాడు. "విన్నావా, నీ కోడలి నిర్వాకం?"

"నాకు మొదట్లోనే తెలుసు," అంది జయకళ. "ఏటి గట్టున ఒక్కనాడైనా ముట్టుగుడ్డ ఆరేస్తేగా!"

మోకాళ్ళు పట్టుకుని గట్టు దిగి, మొగుడు చూస్తుండగానే ముట్టుగుడిసెలోకి వంగి దూరింది. పెట్ట రెక్క కింద వేలు పెట్టి తడిమి, ఒక కోడిపిల్లను చేతిలోకి తీసుకుంది.

"ఈ మచ్చల పిల్ల నాది," అంది గట్టిగా, బయటికి వినబడేలా. "ఆయనది కాదు. నాది."