బోంజూర్ మేడం క్లాసు

కూతురికి ఫ్రెంచిలో నూటికి తొంభై ఎనిమిది వచ్చాయనేసరికి కళ్ళజోళ్ళ దుకాణం ఆవిడకి పట్టలేనంత సంతోషం కలిగింది. బిగిస్తున్న అద్దం పక్కన పెట్టి, తానూ హైస్కూల్లో చదివిన భాషే కదా అని, "మధ్యాహ్నం ఏం తిన్నావు?" అని ఫ్రెంచిలో అడిగింది.

పిల్ల తెల్లమొహం వేసింది. "అది సిలబస్‌లో లేదమ్మా."

"సిలబస్ ఏమిటే! ఏం తిన్నావని అడిగాను."

"మాకు మాట్లాడటం ఉండదు. మిస్ బోర్డు మీద జవాబులు రాస్తారు, మేం బట్టీ పట్టేస్తాం. మార్కులు బాగా పడతాయని అందరూ అదే తీసుకుంటారు."

ఆవిడకి తన బడి గుర్తొచ్చింది. తన రోజుల్లో ఆ క్లాసే వేరు. వస్తూనే బోంజూర్ అని నమస్కారం చెబుతుందని పిల్లలు బోంజూర్ మేడం అని పేరు పెట్టిన టీచరు లోపలికొచ్చిందంటే ఇంటి భాష గుమ్మం అవతలే ఆగిపోవాలి. సంచీలోంచి ఉల్లిపాయలూ టమాటాలూ తీసి బల్లమీద పరిచేది. బేరమాడితే గానీ వదిలేది కాదు. మాట తోచనివాళ్ళు చేతులు తిప్పేవారు, కోడిలా కూసేవారు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవారు. మార్కులు మాత్రం అత్తెసరే. అయినా నోరు తిరిగింది. అదే మేడం దగ్గర చదివిన చెల్లెలూ తనూ ఇంట్లో అమ్మ ఎదురుగానే ఫ్రెంచిలో అమ్మ మీద చాడీలు చెప్పుకునేవారు.

కూతురి టీచరుని నిలదీద్దామనే మర్నాడు బడికి వెళ్ళింది. తీరా చూస్తే ఆ టీచరు ఇంకా చిన్నపిల్ల. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"నాకూ మాట్లాడించాలనే ఉందండీ. గది నిండా పిల్లలు. ఒక్కొక్కరి చేత ఒక్క ముక్క చెప్పించేలోపే బెల్లు కొట్టేస్తారు. మార్కులు తగ్గితే మళ్ళీ మీరే వచ్చి అడుగుతారు."

ఆవిడకి చురుక్కుమంది. నిన్న మార్కులు చూసి మురిసిపోయింది తనేగా! కోపమంతా దిగిపోయి, ఆ అమ్మాయిని వేడినీళ్ళు తాగమని చెప్పి వచ్చేసింది.

సాయంత్రం మనసాగక చెల్లెలికి ఫోన్ చేసి ఫ్రెంచిలో మొదలుపెట్టింది. సగం మాటలు తుప్పు పట్టాయి.

"అక్కా, ఆ ముక్క మేడం వింటే క్లాసు బయట నిలబెట్టేది!" అని చెల్లెలు పకపకా నవ్వింది.

"నిలబెట్టినా బాగుండునే," అంది అక్క.

పిల్ల పక్కన చేరి కొంగు లాగింది. "ఏమంటోందమ్మా పిన్ని? నా గురించేనా?"

"నువ్వే ఫ్రెంచిలో అడుగు." ఫోను చేతికిచ్చింది.

పిల్ల ఫోను చెవికి ఆనించుకుంది. తర్వాత ఏ పుస్తకంలోనూ లేని వాక్యం ఒకటి, తప్పుల తడకగా, తనంతట తానే అల్లి చెప్పింది. అవతల పిన్ని ఏదో దిద్దింది. పిల్ల సిగ్గుపడింది, మళ్ళీ చెప్పింది. ఈసారి పిన్ని జవాబిచ్చినట్టుంది, పిల్ల మొహం వెలిగిపోయింది.

ఆ పూట ఇంట్లో వంట బాగా ఆలస్యమైంది.