విభూతిపండు మీద గొడుగు

మా ఆయన యెహెజ్కేలుగారు బడిపంతులు, పైగా సంఘ పెద్ద. మంచి మనిషే. కానీ ఒకటనుకున్నారంటే, మా పాస్టరుగారు వింటే కోప్పడతారు గానీ, బ్రహ్మదేవుడు దిగొచ్చినా వినరు.

ఎనభై ఆరు వరదల్లో నరసాపురం దిగువన మా ఊరి గట్టు తెగింది. మెరక మీద ఉన్నది మా చర్చి ఒక్కటే కావడంతో మధ్యాహ్నానికల్లా ఊరంతా అందులోనే చేరింది. కిరాణా కొట్టు వెంకటరత్నంగారి భార్య జగదాంబగారు అందరికన్నా ఆఖరున వచ్చారు. నడుం లోతు నీళ్ళలో, నెత్తిన మూతబుట్టతో వచ్చి గుమ్మం బయటే ఆగిపోయారు.

"బుట్టలో ఏంటమ్మా?" అని అడిగారు మా ఆయన.

"మా బాబండి."

ఆ సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. వాళ్ళ రెండోవాడు ఏడాది నిండకుండానే పోయాడు. అలా పోయిన బిడ్డ వాళ్ళ ఇళ్ళల్లో వీరభద్రుడవుతాడు. విభూతిని గట్టిగా పండులా ముద్దచేసి దేవుడి మూల పెట్టుకుంటారు. బిడ్డ అందులో ఉన్నాడని, ఏటేటా పెరుగుతున్నాడని వాళ్ళ నమ్మకం. ఇంట్లో పెళ్ళయితే మేళాలతో గోదావరికి తీసుకెళ్ళి పూజ చేసి తెస్తారు. అలాంటిది ఊరికే వానకి తడిసి కరిగిపోతే ఆ తల్లికి బిడ్డ మళ్ళీ పోయినట్టే.

"మీరు లోపలికి రండమ్మా. అది మాత్రం బయటే ఉంచండి. దేవుని మందిరంలోకి బూడిదముద్దలు తేకూడదు" అన్నారు మా ఆయన.

"అయితే నేనూ ఇక్కడే ఉంటానండి" అని ఆవిడ చూరు కిందే నిలబడ్డారు. చూరు నీళ్ళు బుట్ట మీదే కారుతుంటే కొంగు కప్పారు. ఆ కొంగూ తడిసిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. ఈవిడా తక్కువ తినలేదు లెండి. సమాధుల పండక్కి మేం సున్నాలు వేసి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, "శ్మశానంలో పండగేంటండీ, చోద్యం కాకపోతే" అని ముక్కు మూసుకుని పోయిన మనిషే. అయినా బిడ్డ బిడ్డే కదా.

"ఏవండీ, కిందటేడు పండక్కి వానొస్తే మన కరుణ సమాధి మీద గొడుగు పట్టుకుని నిలబడిందెవరు? సిమెంటు కింద ఉన్న పిల్ల తడుస్తుందనేనా?" అన్నాను.

సంఘమంతా వింది. ఆయన గోడకి తగిలించిన గొడుగు తీసి, బయటికి వెళ్ళి బుట్ట మీద పట్టారు. అలా పట్టుకునే ఆవిణ్ణి లోపలికి తీసుకొచ్చారు. నేలంతా చెమ్మ. వేదిక మీద బైబిలు ఉండే బల్ల ఒక్కటే పొడిగా ఉంది. ఆయన బైబిలు తీసి గుండెకి ఆనించుకుని, "ఇక్కడ పెట్టండమ్మా" అన్నారు. పైన పెంకు కారుతోందని గొడుగు మాత్రం ముయ్యలేదు.

జగదాంబగారు మూత తీసి తడిమి చూసుకున్నారు. గట్టిగానే ఉంది. కళ్ళు తుడుచుకుని కిటికీలోంచి చూశారు. మా సమాధుల దొడ్డి ఎర్రనీళ్ళలో మునిగిపోయి, సిలువలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి.

"మీ పాప అక్కడే కదండీ మేస్టారూ. ఇప్పుడెన్నేళ్ళండీ?"

ఉన్న పిల్ల గురించి అడిగినట్టే అడిగారు. కరుణ మూడేళ్ళకే పోయింది. ఆ వయసే రాతి మీద చెక్కించాం. పదకొండేళ్ళుగా మా ఇంట్లో ఆ పిల్ల వయసు మాట ఎత్తినవాళ్ళు లేరు. ఆయనిప్పుడు ఏ వాక్యమో చెప్పి ఆవిడ నోరు మూయిస్తారనుకున్నాను.

"పద్నాలుగు దాటాయండి" అన్నారాయన, తడుముకోకుండా. "వచ్చే నెలకి పదిహేను."