పెంపుడు ఫంగస్

పొద్దున్నే యంత్రం కూత పెట్టింది. రోగుల రక్తం సీసాలు ఉంచే ఆ పెట్టె, ఏ సీసాలోనైనా క్రిమి పెరిగితే తప్ప నోరు మెదపదు. వెలుగుతున్న గడిలోంచి సీసా బయటికి లాగి, దాని మీది పేరు ఆమె రెండుసార్లు చదివింది.

అమ్మ పేరు.

ఆస్పత్రిలో ఆమెను అందరూ బూజు మేడమ్ అంటారు. చదివింది ఫంగస్ గురించి, పరిశోధన ఫంగస్ మీద, కలలోకి వచ్చేది కూడా అదేనేమో. "పెళ్ళి కూడా దాంతోనే చేసేస్తే ఓ పనైపోతుంది" అని వాళ్ళమ్మే నలుగురిలో అంటుంది.

చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. గుండ్రటి కణాలు, వాటి పక్కన మొటిమల్లా పుట్టుకొస్తున్న పిల్ల కణాలు. సందేహం లేదు, ఫంగసే. అమ్మకి ఒకేసారి రెండు సీసాల రక్తం తీశారు. ఒకటి చేతి నరంలోంచి, ఇంకోటి ఛాతీలో ఉన్న ట్యూబులోంచి. ట్యూబుది కూసింది. చేతిది ఇంకా మౌనంగానే ఉంది. ఫంగస్ ఎక్కువున్న సీసాయే ముందు కూస్తుంది, అంటే గూడు ట్యూబులో ఉంది. దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

అమ్మకి పేగులు చాలావరకు తీసేశారు. నోటితో తిన్నది ఒంటికి పట్టదు. ఆహారమంతా ఛాతీలోని ట్యూబు గుండా పెద్ద నరంలోకి వెళ్ళాలి. ఆ ట్యూబు మామూలుది కాదు. లోపలా బయటా ఫంగస్ అంటుకోకుండా ప్రత్యేకమైన పూత పూసిన ట్యూబు. ఆ పూత కనిపెట్టింది పెద్దసారు. ఆస్పత్రికి ఆయన పెద్దసారు, ఈమెకి మేనమామ, అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు.

ఆమె మెట్లెక్కి పరుగున ఆయన గదికి వెళ్ళింది.

"ట్యూబు తీయించెయ్యాలి సార్. ఇవాళే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తీసి? నీకూ నాకూ తెలుసు మీ అమ్మ నరాల సంగతి. దొరికిన ఒక్క దారీ మూసేస్తే తిండి ఎటునుంచి పంపిస్తావ్? నీ సూక్ష్మదర్శినిలోంచా?"

"ఫంగస్ పట్టిన ట్యూబు ఉంచితే..."

"పట్టదు. అది అంటుకోదని పరీక్షలు చేసి నిరూపించింది ఎవరు? నువ్వే. చర్మం మీది క్రిమి సూదితో పాటు సీసాలోకి జారి ఉంటుంది. అయినా నీ భయం కోసం మందు మొదలుపెడదాం. అదే ట్యూబులోంచి పంపిద్దాం." ఆయన గొంతు తగ్గించాడు. "వారం చివర్లో కమిటీ వస్తోంది. అన్ని ఆస్పత్రుల్లోనూ ఈ ట్యూబు వాడొచ్చో లేదో వాళ్ళు తేల్చాలి. సొంత అక్కకే పెట్టిన మనిషిని రా నేను. నాకు లేదా భయం?"

అదీ నిజమే. ఆయన అక్క కోసం ప్రాణం పెడతాడు. అక్క ఛాతీని ప్రకటన బోర్డు కూడా చేశాడు. రెండూ ఒకే మనిషి పనులు.

*

మందు మొదలైంది. జ్వరం కాస్త తగ్గింది, మళ్ళీ ఎక్కింది. చేతినుంచి తీసిన సీసా కూడా ఆ సాయంత్రమే కూసింది. ల్యాబ్ రిపోర్టులో మాత్రం మందు పనిచేస్తుందనే వచ్చింది. పెద్దసారు దాన్ని వార్డంతా ఊపుకుంటూ తిరిగాడు.

ఆ రిపోర్టు ఎంత నమ్మదగ్గదో ఆమెకు తెలుసు. నీళ్ళలో ఒంటరిగా తేలుతున్న కణాల మీద చేసే పరీక్ష అది. ట్యూబు గోడకి పట్టిన ఫంగస్ ఒంటరిది కాదు. ముందు గోడకి అంటుకుంటుంది, తర్వాత దారాలు చాస్తుంది, ఆ తర్వాత జిగురు కార్చి పైన కప్పు వేసుకుంటుంది. కప్పు కింద కాపురం పెట్టినదాని మీద ఎంత మందు పోసినా దున్నపోతు మీద వాన కురిసినట్టే.

కానీ పూత ఉంటే అంటుకోకూడదు కదా? తన చేత్తో తను చేసిన పరీక్షలు!

పూత ట్యూబు ముక్కలు కోసి రెండు గిన్నెల్లో వేసింది. ఒక దాంట్లో ఎప్పుడూ పరీక్షలకి వాడే ల్యాబ్ ఫంగస్. రెండో దాంట్లో అమ్మ రక్తంలోంచి పెరిగిన ఫంగస్. మర్నాడు తీసి నీళ్ళతో కడిగింది.

ల్యాబ్ ఫంగస్ సబ్బు నురగలా జారిపోయింది. ముక్క తళతళలాడుతోంది.

అమ్మ ఫంగస్ కదల్లేదు. ముక్క మీద దుప్పటి కప్పినట్టు తెల్లటి తెట్టు. పట్టకారుతో గీకితే ముద్దగా లేచింది.

ఇంకో అనుమానం వచ్చింది. పూత లేని మామూలు ట్యూబు ముక్క తీసుకుని దాని మీద ల్యాబ్ ఫంగస్‌ని పెంచింది. మర్నాడు కడిగితే అదీ జారిపోయింది! ఏ పూతా లేని ప్లాస్టిక్ మీద కూడా అది నిలబడలేకపోయింది.

ఆమె ల్యాబ్ ఫంగస్ పళ్ళెం ముందుకు లాక్కుంది.

ఆ ఫంగస్‌ని పెద్దసారు కుర్రతనంలో ఏదో రోగి నుంచి తీశాడు. అప్పటినుంచి ల్యాబులో ఒక ఆచారం. అసలు విత్తనం గడ్డకట్టించి దాచిన ఫ్రీజరు ఎన్నడో చెడిపోయింది. అప్పట్నుంచీ పాత పళ్ళెంలోంచి కొంచెం గీరి కొత్త పళ్ళెంలో వేయడమే, నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడుపెట్టినట్టు. తోడు తెగకూడదని పెద్దసారు పట్టుదల. సెలవు రోజుల్లో కూడా ఎవరో ఒకరు వచ్చి తోడు వేసి పోవాల్సిందే. బయటినుంచి కొత్త ఫంగస్ తెప్పిద్దామంటే, "మన బంగారాన్ని పెట్టుకుని పక్కింటి ఇత్తడెందుకు" అనేవాడు.

పళ్ళెంలో కూర్చోబెట్టి మేపితే గోడ పట్టుకోవాల్సిన అవసరం ఏముంది? తరాలు గడిచేసరికి అది పట్టుకోవడమే మర్చిపోయింది. పులి మీద పనిచేస్తుందని చెప్పిన బోనుని వాళ్ళు పెంపుడు పిల్లితో పరీక్షించారు. పిల్లి తప్పించుకోలేదు కాబట్టి పులినీ అందులోనే పెట్టారు. ఆ పులి ఇప్పుడు అమ్మ గుండెకి జానెడు దూరంలో ఉంది.

*

పెద్దసారు వరండాలో దొరికాడు. కమిటీ కింద అంతస్తులో టీ తాగుతోంది. ఆమె ఫోనులో ఫోటోలు చూపించింది. మామూలు ప్లాస్టిక్ సంగతీ చెప్పింది. ఆయన ఎంత తెలివైనవాడంటే, ఆమె సగం చెప్పేలోపే పూర్తిగా అర్థమైపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

అదీ ఆయన అడిగిన మొదటి ప్రశ్న.

"మావయ్యా, ముందు అమ్మ ట్యూబు..."

"తీయిద్దాం. తీయిద్దామే! కమిటీ వెళ్ళనీ. ఒక్క పూట. మా అక్క వాళ్ళకి ట్యూబు లేకుండా కనబడితే ఇన్నేళ్ళ పనీ బూడిదలో పోసినట్టే. ఒక్క పూటలో ఏమీ కాదు."

"ఏమైనా అయితే?"

"అవదన్నానా!" అని కసిరి, చొక్కా సర్దుకుని, మెట్లు దిగిపోయాడు.

ఆమె వార్డు డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. ఫోటోలు చూసి అతను ఈల వేయబోయి ఆపుకున్నాడు.

"తీయాల్సిందే మేడమ్. కానీ పెద్దసారు పేషెంటు మీద నా అంతట నేను చెయ్యేస్తే రేపు ఆ చెయ్యి నాకుండదు. ఆయనైనా చెప్పాలి, పేషెంటైనా తీయమని తన నోటితో అనాలి. మీ అమ్మగారు అంటారా?"

*

అమ్మ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. ఉద్యోగమంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. కామా జారితే చాలు పట్టుకునేది. కూతురి నడకలో, వంటలో, జడలో కూడా తప్పులు దిద్దింది. ఒక్క తమ్ముడి జోలికి మాత్రం ఆ ఎర్ర కలం ఎన్నడూ పోలేదు.

పక్క మంచంలో లారీ డ్రైవరు. అతనికీ అదే పూత ట్యూబు. "రండి మేడమ్, మీ అమ్మగారు ఇవాళ నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. ఏదో తేడాగా ఉంది" అన్నాడు నవ్వుతూ.

"నువ్వు నోరు మూసుకుంటే తిట్టే పనేముందయ్యా" అంది అమ్మ, ఓపిక లేని గొంతుతో.

కూతురు మంచం అంచున కూర్చుంది. "అమ్మా, ఈ ట్యూబు తీసెయ్యాలి. లోపల ఫంగస్ గూడు కట్టింది. మందు దాన్ని తాకడం లేదు."

"మీ మావయ్య చెప్పాడా?"

"నేను చెప్తున్నాను."

"వాడి చదువెక్కడ, నీ చదువెక్కడ! వాడికి తెలీదా?"

"కళ్ళతో చూసైనా నమ్ముతావా? ఇదిగో." ఫోను అమ్మ చేతిలో పెట్టింది. "ఈ ముక్క శుభ్రంగా ఉంది, ఆ ముక్క మీద తెట్టు కట్టింది. నీ రక్తంలోదే అది. చూడు."

అమ్మ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"చూశానులే. రెండూ ఒకేలా ఉన్నాయి. గోరంతను కొండంత చేస్తావు."

కూతురు ఫోను వైపు చూసింది. తెర ఎప్పుడో ఆరిపోయింది. అమ్మ చూస్తున్నది నల్లటి అద్దాన్ని.

"అమ్మా," అంది మెల్లగా. "నీకు కనబడటం లేదు."

"ఎందుకు కనబడదు?"

"ఇవి ఎన్ని వేళ్ళు?"

అమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. పక్క మంచానికి వినబడకుండా, "కుడి కన్ను మొత్తం మసక. ఎడమ దాంట్లో దోమలు తిరుగుతున్నట్టుంది. మొన్నటినుంచి" అంది. "అరవకు. బయటికి పొక్కితే వాడి ట్యూబు వల్లే అంటారు. కమిటీ వెళ్ళాక నేనే చెబుదామనుకున్నా."

అక్కా తమ్ముడూ విడివిడిగా ఒకే లెక్క వేశారు. ఒక్క పూట! ఫంగస్ రక్తంలో కొట్టుకొచ్చి కళ్ళలో దిగింది. ఆగితే రెండో కన్నూ పోతుంది, ఆ తర్వాత మనిషే పోతుంది.

బతిమాలితే లాభం లేదు. అమ్మ దగ్గర చెల్లే నాణెం ఒక్కటే. ఆమె ఒక్క గుక్కలో దాన్ని విసిరేసింది.

"మావయ్యే తీసెయ్యమన్నాడమ్మా. నీకు చెప్పలేక నన్ను పంపాడు."

అమ్మ మొహం తేటపడింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా మొద్దూ! వాడు చెప్పాక ఇంకేం? పిలువు ఆ డాక్టర్ని."

వార్డు డాక్టర్ అడిగాడు. అమ్మ తన నోటితో, గట్టిగా, తీయమంది. తెర లాగారు. కుట్లు కత్తిరించి, నెమ్మదిగా గుంజితే ట్యూబు జారి బయటికొచ్చింది. కొన మీద మీగడలా తెల్లటి పొర. దాన్ని సీసాలో వేసి మూత బిగించి, మందు మార్చమనీ, కంటి డాక్టర్ని తక్షణం రమ్మనమనీ చెబుతుండగానే తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది.

కమిటీ. ముందు పెద్దసారు.

ఆయన చూపు ముందు అక్క ఛాతీ మీది కట్టుకి, తర్వాత మేనకోడలి చేతిలోని సీసాకి పోయింది.

"రారా," అంది అమ్మ అడుగుల చప్పుడు వైపు చెయ్యి చాచి. "నువ్వు చెప్పావుగా, తీయించేసుకున్నా."

ఎవరైనా ఆ క్షణంలో తడబడతారు. పెద్దసారు రెప్ప కూడా వేయలేదు.

"అవును," అన్నాడు కమిటీ వైపు తిరిగి. "కాస్త జ్వరం కనబడింది. అనుమానం ఉన్నా ఉంచకూడదు. సొంత అక్కైనా, ఇంకెవరైనా నా పద్ధతి అదే. ట్యూబులో దోషం లేదు, ఇది కేవలం జాగ్రత్త."

కమిటీ పెద్దావిడ మెచ్చుకోలుగా తలూపింది.

బూజు మేడమ్ సీసా పట్టుకుని ముందుకొచ్చింది. తన అబద్ధం ఆయనకి గొడుగైంది. అది పట్టుకుని ఆయన వార్డులన్నీ తిరుగుతాడు.

"ఆయన చెప్పలేదు," అంది. "కమిటీ వెళ్ళేదాకా ఉంచమన్నారు. అమ్మ ఒప్పుకోదని నేనే అబద్ధం ఆడాను. ఈ పూత పనిచేయదు. మేం పరీక్షించిన ఫంగస్ దేనికీ అంటుకోలేదు, ఉత్త ప్లాస్టిక్‌కి కూడా."

"అమ్మాయి నిద్రలేక ఏదో మాట్లాడుతోంది," అంది అమ్మ వెంటనే. "మా తమ్ముడే చెప్పాడు. నాతోనే చెప్పాడు."

పేషెంటే అన్నాక ఇంకేముంది? పెద్దావిడ కలం మూత పెట్టింది. పెద్దసారు పక్క మంచం వైపు అడుగేశాడు.

"సార్," అన్నాడు లారీ డ్రైవరు. ఇప్పుడు నవ్వడం లేదు. "నాకూ రాత్రినుంచి జ్వరమే. చార్టులో ఉంది, చూడండి. అనుమానం ఉంటే ఉంచనన్నారు. మీ అక్కగారికి తీసేశారు. మరి నాకెందుకు ఉంచారు?"

పెద్దావిడ కలం మూత మళ్ళీ తీసి, బూజు మేడమ్ చేతిలోని సీసా కోసం చెయ్యి చాచింది.

*

డ్రైవరు ట్యూబూ తీశారు, ఆ పూత ట్యూబు పెట్టిన మిగతా రోగులవీ తీశారు. అన్నీ కాకపోయినా చాలావాటి కొనల మీద అదే మీగడ. ప్రయోగం ఆగింది. పెద్దసారుని సెలవు మీద పంపించారు. ల్యాబులో తోడు వేసేవాళ్ళు లేక పళ్ళేలు ఎండిపోయాయి.

అమ్మ బతికింది. కంట్లోకి నేరుగా మందు సూదులు వేసి ఎడమ కన్ను నిలబెట్టారు. కుడిది పోయింది. మెడ దగ్గర వెతికి వెతికి మామూలు ట్యూబు పెట్టగలిగారు.

ఇంటికి పంపే రోజు ఆమె కారు తెచ్చి వాకిట్లో పెట్టింది. అమ్మ చక్రాల కుర్చీలో వచ్చింది, సంచీ ఒళ్ళో పెట్టుకుని. కారు తలుపు తీస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ ఇంటికి కాదు. తమ్ముడింటికి పోనియ్."

"అమ్మా, మందులు, ట్యూబు శుభ్రం చేయడం... అవన్నీ ఎవరు చూస్తారక్కడ?"

"వాడు డాక్టరు కాదా?"

"నిన్ను చంపబోయాడమ్మా!"

"తెలుసు." అమ్మ ఒంటి కన్నుతో వీధి వైపు చూసింది. "నువ్వు సీసా పట్టుకుని చెప్పకముందు తెలీదు. వాడు నా మేలుకోరి తీసెయ్యమన్నాడనుకుని ఎంత హాయిగా ఉన్నానో. నాకు కన్నున్నా లేకపోయినా, ఆ ఒక్క అబద్ధం నాకు వదిలేసి ఉండాల్సింది."

కూతురు అమ్మని ఎక్కించి, కారు వెనక్కి తిప్పి, మావయ్య ఇంటి దారి పట్టింది.