చిన్న ముల్లు మీద బొట్టు

దసరా నాడు డయల్‌కు బొట్టు పెట్టింది లాలియే. దుమ్ముగూడెంలో సర్వర్ లేత్ షాపులో ఆరేళ్లుగా పనిచేస్తున్న ఆ పిల్లకు ఆ కొలత పరికరమంటే ప్రాణం. ఇనుప కడ్డీ వెంట్రుకవాసి వంగినా దాని పెద్ద ముల్లు పట్టేస్తుంది మరి. "అద్దం మీద వద్దు బేటీ, పక్కకు పెట్టు" అన్నాడు సర్వర్. వింటేగా! అద్దం మీదే ఇంత కుంకుమ దిద్దింది. పోనీ, మర్నాడైనా తుడిచిందా? పండుగ బొట్టు తెల్లారే చెరపకూడదట!

సరిగ్గా ఆ మర్నాడే దస్రు తన లాంచీ షాఫ్టును, అంటే నీళ్లలో పంకాను తిప్పే ఇనుప కడ్డీని, వంకర తీయించడానికి పట్టుకొచ్చాడు. గోదావరి అటూ ఇటూ జనాన్ని దాటించే లాంచీ అది. సర్వర్ ఖమ్మం వెళ్లాడు. లాలి ఒక్కతే షాఫ్టును లేత్‌కు ఎక్కించి, పని ముగించి, డయల్ మొన ఆనించి పెద్ద ముల్లును సున్నాకు తెచ్చింది. షాఫ్టుకు అక్కడ పొడవాటి గాడి ఉంది. ఊరికే తిప్పితే మొన అందులో పడుతుంది. అందుకని మొనను వేలితో పైకెత్తి, షాఫ్టును సగం చుట్టు తిప్పి, మళ్లీ దించింది. ముల్లు గిర్రున తిరిగి రెండో గీత మీద ఆగింది. ఒక్కో గీత మిల్లీమీటరులో నూరోవంతు.

"రెండే గీతలు. మంచిగున్నది, తీస్కపో అన్నా" అంది. దస్రు సాయంత్రానికల్లా బిగించుకున్నాడు.

మూడో రోజు పొద్దున తడిగుడ్డతో అద్దం తుడిచింది. కుంకుమ కింద నుంచి చిన్న ముల్లు బయటపడింది.

లాలి చేతిలో గుడ్డ జారిపోయింది. పెద్ద ముల్లు ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పేది ఆ చిన్న ముల్లే. నిన్న దాన్ని చూడనే లేదు! వంకర రెండు గీతలా, లేక ఒక చుట్టూ రెండు గీతలా? చుట్టంటే నిండా ఒక మిల్లీమీటరు. అంత వంకర షాఫ్టు నడినదిలో అదిరితే, అది లాంచీలోంచి బయటికి నీళ్లలోకి పోయే చోట బిగింపు వదిలి నీళ్లు లోపలికి వస్తాయి. గోదావరి చూస్తే ఒడ్లు ఒరుసుకుని పారుతోంది. పైగా ఇవాళ అమ్మ సక్రి అవతలి ఒడ్డున చుట్టాలింటికి బయలుదేరింది ఆ లాంచీలోనే.

దస్రుకు ఫోన్ చేసింది. కలవలేదు. డయల్, దాని అయస్కాంతపు స్టాండు సంచిలో పడేసుకుని స్కూటీ దగ్గరికి ఉరికింది. దారి పొడవునా ఒకటే భయం. లాంచీ వెళ్లిపోయి ఉంటే? అమ్మకు ఈత రాదు.

రేవులో లాంచీ ఇంకా ఉంది. దస్రు తాడు విప్పుతున్నాడు.

"అన్నా, ఆపు! ఇంజన్ స్టార్ట్ చెయ్యకు!"

"ఏందే లాలీ గీ లొల్లి? నువ్వే గదా మంచిగున్నదన్నవ్?"

"అవ్, నేనే అన్న. తప్పు చూసిన. ఒక్కసారి కొల్వనియ్యి, నీ కాల్మొక్త."

లాంచీలో కూర్చున్న ఇరవై మంది ఆమెనే గుడ్లప్పగించి చూస్తున్నారు. సిగ్గుపడే తీరిక ఎక్కడిది? లోపలికి దూరి, స్టాండును ఇంజన్ కింది ఇనుముకు అంటించి, గాడి లేని చోట మొన ఆనించి పెద్ద ముల్లును సున్నాకు తెచ్చింది. ఈసారి ఎత్తే పని లేదు. దస్రు చేత్తో షాఫ్టును మెల్లగా తిప్పాడు. ముల్లు కదిలింది. పది గీతలు, యాభై, తొంభై. ఆగవే తల్లీ, ఆగు అని లోలోపల మొక్కుకుంది. ఆగలేదు. చుట్టు పూర్తిచేసి, సున్నా దాటి ఇంకాస్త ముందుకు పోయింది. చిన్న ముల్లు ఒక అంకె ముందుకు జరిగి నిలబడింది.

దస్రు తాడు మళ్లీ గుంజకు కట్టేశాడు. జనం సణుగుతూ ఒక్కొక్కరే దిగారు. అందరికన్నా చివర, మూట చంకన పెట్టుకుని సక్రి దిగింది. కూతురి దగ్గరికి వచ్చి నిలబడింది.

"నీళ్లు జూసి అందరు భయపడ్డరే బిడ్డా, ఒక్కలు ఎక్కలే" అంది. "గీ ఇంజన్ పని మా లాలి చేసిందని చెప్పి, నేనే అందర్ని చెయ్యి పట్టి ఎక్కిచ్చిన."