బుజ్జమ్మగారి గ్యాసు మాత్రలు

చాట్రాయి బుజ్జమ్మగారికి గ్యాసు ఉందని ఆ చుట్టుపక్కల తెలియని వాళ్లు లేరు. పద్దెనిమిదేళ్లుగా ఉంది. పొద్దున కాఫీకి ముందొకటి, సాయంత్రం దీపం పెట్టాక ఒకటి, మిరియపు గింజంత నల్లటి మాత్ర నాలుక కింద పెట్టుకుంటే తప్ప ఆ గ్యాసు అణగదు. మాత్రల్ని జి. కొండూరు నుంచి సవరయ్య అనే నాటుమందుల మనిషి తెచ్చి ఇస్తాడు. అందులో శొంఠి, వాము, ఇంగువ ఉంటాయని కోడలు ప్రమీలారాణి నమ్మకం. ఆ మూడూ ఉండేవి కూడా. నాలుగోది నల్లమందు. ఆ సంగతి సవరయ్యకీ, బుజ్జమ్మకీ తప్ప ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

భర్త పోయిన ఏడాది విరేచనాలు పట్టుకుంటే, అవి కట్టడానికని మొదలుపెట్టింది. విరేచనాలు నాలుగు రోజుల్లో కట్టాయి. మాత్ర మాత్రం ఉండిపోయింది. దాని మూలంగా ఆవిడ పనులేవీ ఆగలేదు. నలభై ఎకరాల మామిడితోటని ఒంటిచేత్తో నడిపింది. గడ్డిలో మాగేసిన కాయల గదిలోకి అడుగుపెట్టి, వాసన చూసి, ఏ మూల కాయ పండిందో చెప్పేది. అలాంటి మనిషి అలవాటుకి లొంగిందని ఎవరైనా అంటే ఆవిడే ముందు నవ్వేది.

పంతొమ్మిది వందల ఎనభై ఆరు మే నెలలో, కోతలు జోరుమీదున్న రోజుల్లో, కాయలు ఏరే పాకలో ఎవరో తిని పారేసిన రసం మామిడి తొక్క మీద కాలేసి బుజ్జమ్మ జారిపడింది. మోకాలి కింద ఎముక విరిగింది. కొడుకు లక్ష్మీనరసింహారావు అంబాసిడర్ కారులో వేసుకుని నూజివీడు తెచ్చి, దశరథరామయ్య డాక్టరుగారి నర్సింగ్ హోమ్‌లో చేర్చాడు. పిండికట్టు వేసి, మూడు వారాలు మంచం దిగడానికి వీల్లేదన్నారు.

ఆడవాళ్లకి ఎనిమిది మంచాలు, మగవాళ్లకి ఎనిమిది. రెంటికీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగానే రెండు వార్డుల వాళ్లూ ఊసులాడుకునేవారు. బుజ్జమ్మ తనతోపాటు సొంత గ్లాసు, రెండు బుట్టల చిన్నరసాలు, వక్కాకు పెట్టె తెచ్చుకుంది. పెట్టెలో లవంగాల కింద చిన్న రేకు డబ్బా. అందులో గ్యాసు మాత్రలు.

డాక్టరుగారు ఆవిడని షుగరుందా, బీపీ ఉందా, పళ్లు కట్టుడువా అని అడిగారు. పెద్దింటి మనిషిని అంతకుమించి ఏం అడుగుతారు.

ఆ సాయంత్రమే మగవాళ్ల వార్డులోకి మల్లయ్య వచ్చాడు. తోటల్లో కాపలా కాసే మనిషి. యాభై దాటాయి. సారా తాగి మంచె మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. డాక్టరుగారు అతని దగ్గర మొహమాటపడలేదు. రోజూ తాగుతావా, ఎంత, ఎన్నేళ్ల నుంచి, పొద్దున లేవగానే కావాలా, అన్నీ అడిగారు. మల్లయ్య దాచకుండా అన్నీ చెప్పాడు. గోడకి ఇవతల బుజ్జమ్మ మంచం మీద ఒత్తిగిలి, ఒక్క ముక్క పోకుండా విన్నది.

మూడో నాడు మధ్యాహ్నం, డాక్టరుగారు రౌండ్స్‌లో ఉండగా మల్లయ్య మంచం మీద లేచి నిలబడ్డాడు. వార్డులోకి కోతులొచ్చాయన్నాడు. ఫ్యాను మీద రెండు, సెలైను స్టాండు మీద ఒకటి. బాగున్న చేత్తో చెంచాలు, క్యారేజీ మూతలు, పక్క మంచం వాడి చెప్పులు విసిరి, తోటలో అదిలించినట్టు అదిలించాడు. అన్నిటికంటే పెద్ద కోతి డాక్టరుగారి భుజం మీద కూర్చుందట. కదలొద్దండి బాబూ, గురి తప్పుతుందని బతిమాలాడు. డాక్టరుగారు కూడా ఎందుకైనా మంచిదని కదల్లేదు. నలుగురు పట్టుకుని పడుకోబెట్టి ఇంజక్షనిచ్చారు. ఏళ్ల తరబడి తాగినవాడికి ఒక్కసారిగా సారా ఆగిపోతే ఇలాగే అవుతుందని, ఇది పిచ్చీ కాదు, దయ్యమూ కాదని డాక్టరుగారు వార్డువాళ్లకి చెప్పారు. రెండు రోజుల తర్వాత మల్లయ్యకి మతి కుదుటపడింది. జరిగింది తెలిసి సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అతన్ని అలా పడుకోనివ్వడం బుజ్జమ్మకి నచ్చలేదు. మర్నాటి నుంచి రోజూ పదింటికి గోడ మీదుగా హితబోధ మొదలుపెట్టింది.

"ఆ సీసా ఎంత, నువ్వెంతరా మల్లయ్యా? జానెడు లేని దానికి అయిదున్నర అడుగుల మనిషివి దణ్ణం పెడతావా? పొద్దున లేవగానే అది నిన్ను రమ్మంటే పరిగెడతావా?"

మల్లయ్య చిత్తమండి, చిత్తమండి అంటూ తలూపేవాడు. వార్డు అంతా మెచ్చుకునేది. నర్సు పుష్పావతి కూడా, మామ్మగారు చెబితే డాక్టరుగారు చెప్పిన దానికంటే బాగా తలకెక్కుతుందని అంది. బుజ్జమ్మ తృప్తిగా వెనక్కి వాలేది. సాయంత్రం దీపాలు పెట్టగానే లవంగాల కింద చెయ్యి పెట్టేది. ఇందులో ఆవిడకి ఏ తిరకాసూ కనపడలేదు.

ఎనిమిదో నాటికి డబ్బా ఖాళీ అయింది. సవరయ్యని పంపించమని అంతకుముందే కబురు పెట్టింది. కబురుకి జవాబుగా కోడలు వచ్చింది. సవరయ్య పెళ్లాన్ని తీసుకుని కాశీ వెళ్లాడని, ఆషాఢం దాకా రాడని చెప్పింది. అత్తగారు ఇబ్బంది పడకూడదని మెడికల్ షాపులో గులాబీరంగు గ్యాసు బిళ్లలు కొని తెచ్చింది. బుజ్జమ్మ ఆ బిళ్లల్ని చూసిన చూపుకి కోడలు, ఇంకో కంపెనీవి తేవాలా అత్తయ్యా అని అడిగింది.

మర్నాడు పొద్దున్నుంచి ఆవులింతలు. కళ్ల వెంట నీళ్లు, ముక్కు వెంట నీళ్లు. నడివేసవిలో ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. బాగున్న కాలు దానంతటదే తన్నుకుంటోంది, పిండికట్టులో ఉన్న కాలు తన్నుకోవాలని చూస్తోంది. మధ్యాహ్నానికి కడుపులో మెలికలు, విరేచనాలు. ఆయా బేసిన్లు మార్చలేక అలిసిపోయింది.

డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, మంచం కిందకి వంగి చూశారు. రసాల బుట్ట కనపడింది. ఇంకేం, రోగం దొరికిందనుకున్నారు. వార్డులో మామిడిపండు కనపడకూడదని ఆర్డరేశారు.

మే నెలలో, నూజివీడులో, ఆ మాట అన్నారు. ప్రతి మంచం కిందా ఒక బుట్ట ఉంది. పుష్పావతి, ఆయా కలిసి పదకొండు బుట్టలు జప్తు చేశారు. కాన్పు కోసం వచ్చిన సరోజ అనే అమ్మాయి, వాళ్లమ్మ ఏరి ఏరి మాగేసి తెచ్చిన రసాలు పోతున్నాయని ఏడ్చింది. వంటవాడు సాంబయ్య గిన్నెలు సరిగా తోమడం లేదని కూడా డాక్టరుగారు అనుమానపడి, ఒకటికి రెండుసార్లు వేడినీళ్లతో తోమించారు. బుట్టలు ఆఫీసుగదిలో పెట్టి తాళం వేశారు. ఆ వాసన వార్డంతా తిరుగుతుంటే జనం డాక్టరుగారిని తిట్టుకున్నారు. సాయంత్రానికి బుట్టలు ఎనిమిదే ఉన్నాయి. కాంపౌండరు మూతి పసుపచ్చగా ఉంది.

బుజ్జమ్మ కళ్లు మూసుకుని ఇదంతా వింటూ పడుకుంది. కడుపునొప్పి కంటే సిగ్గు ఎక్కువ బాధపెట్టింది. ఒక్క మాట చెబితే పదకొండు బుట్టలూ తిరిగొస్తాయి. సాంబయ్య తప్పు లేదని తేలుతుంది. ఆ మాటే నోట్లోంచి రావడం లేదు.

మల్లయ్య స్టూలు లాక్కుని గోడ దగ్గర కూర్చున్నాడు. చెయ్యి మెడకి వేలాడుతోంది. గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"అమ్మగారూ, మామిడిపండుకి ఆవులింతలు రావండి."

బుజ్జమ్మ దుప్పటి ముక్కు దాకా లాక్కుంది.

"పొద్దుటి నుంచి లెక్కపెడుతున్నానండి. నలభై మూడు."

పడిశెం పట్టిందని చెప్పింది బుజ్జమ్మ. చెబుతూ ఇంకొకటి ఆవులించింది.

"నలభై నాలుగండి. మా నాయన నల్లమందు మనిషండి. దొరకనినాడు అచ్చం ఇలాగే ఉండేవాడు. మీరు రోజూ చెబుతారు చూడండి, జానెడు లేని దానికి దణ్ణం పెడతావా అని. నా సీసా కనీసం జానెడన్నా ఉందండి. మీది మిరియపు గింజ."

పక్కనున్న గ్లాసు వాడి మొహాన విసిరేద్దామని బుజ్జమ్మకి అనిపించింది. చెయ్యి కూడా చాపింది. ఎందుకో మధ్యలో నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. నవ్వుతుంటే కడుపు మెలిపెట్టింది, ఆ నొప్పికి కళ్లనీళ్లు వచ్చాయి. కొంతసేపటికి నవ్వో ఏడుపో ఆవిడకే తెలియలేదు. తేరుకున్నాక నెమ్మదిగా అడిగింది.

"నీకు కోతులొచ్చాయి. నాకేమొస్తాయిరా?"

"మీకేం రావండి. కానీ ఈ వయసులో ఇలా నీళ్లు పోతే మనిషి నిలవడండి. డాక్టరుగారితో చెప్పండి."

"నువ్వు చెప్పేస్తావా?"

"నేనెందుకు చెబుతానండి. నా సంగతి నేనే చెప్పుకున్నాను."

బుజ్జమ్మ డాక్టరుగారిని పిలిపించింది. కొడుకుని, కోడల్ని, పుష్పావతిని కూడా బయటికి పంపమంది. పద్దెనిమిదేళ్ల కథ మూడు మాటల్లో చెప్పింది. ఇంతసేపు దాచిన మాట ఇంత చిన్నదా అని ఆవిడకే ఆశ్చర్యమేసింది.

డాక్టరుగారు నవ్వలేదు, తిట్టలేదు. స్టూలు మీద కూలబడి, మెళ్లో స్టెతస్కోపు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"మల్లయ్యని వచ్చిన రోజే అడిగాను ఏం అలవాట్లున్నాయని. మిమ్మల్ని అడగలేదు. తప్పు నాదండి."

అడిగినా చెప్పి ఉండేదాన్ని కాదని బుజ్జమ్మ నిజాయితీగా ఒప్పుకుంది.

ఒక్కసారిగా మాన్పిస్తే ఈ వయసులో తట్టుకోలేరు కాబట్టి, నల్లమందే కలిసిన చుక్కల మందు ఇచ్చి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోదామన్నారు డాక్టరుగారు. ఎన్నాళ్లు పడుతుందో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. సెలైను పెట్టారు. రాత్రికి కాలు తన్నుకోవడం ఆగింది. బుట్టలు తిరిగొచ్చాయి, మిగిలినవి. బుజ్జమ్మ వంటవాడు సాంబయ్యని మంచం దగ్గరికి పిలిచి, నా మూలంగా మాటపడ్డావు నాయనా అంది. కోడలికి కూడా తనే చెప్పింది. ప్రమీలారాణి చాలాసేపు ఆలోచించి, మరి శొంఠి అని అడిగింది. శొంఠి కూడా ఉందమ్మా అంది బుజ్జమ్మ.

పొద్దుటికి పన్నెండు చుక్కలు, సాయంత్రానికి పన్నెండు. రెండు రోజులకొకటి తగ్గించాలి. నలభై ఎకరాల కాయలకి బేరమాడిన మనిషి పుష్పావతితో చుక్కలకి బేరమాడింది. రెండు చుక్కలు అతుక్కుని పడితే దాన్ని ఒకటిగానే లెక్కపెట్టాలని వాదించింది. మల్లయ్య గోడ అవతల నుంచి, రెండేనండి, నేను చూశానండి అనేవాడు. హితబోధలు ఆగలేదు గానీ, పద్ధతి మారింది. పదింటికి ఆవిడ అతనికి చెప్పేది, నాలుగింటికి అతను ఆవిడకి చెప్పేవాడు. ఎవరూ ఎవరి మాటా పూర్తిగా వినేవారు కాదు. చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండటమే ఇద్దరికీ బాగుండేది.

పద్నాలుగో నాడు వీరరాఘవయ్యగారు చూడటానికి వచ్చారు. బుజ్జమ్మకి వరసకి బావగారు. డెబ్బై ఏళ్ల మనిషి. నాలుగూళ్ల తగవులు తీర్చే పెద్దమనిషి. ఆయన ముందు ఆవిడ ఏనాడూ గట్టిగా మాట్లాడలేదు. ఆయన కుర్చీలో కూర్చుని రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ, ఎండలో పడిశెం పట్టిందన్నారు. కాలు ఎలా ఉందని అడిగారు. ఈ ఏడు రేటు బాగా లేదన్నారు. ఆ తర్వాత కిటికీవైపు చూస్తూ, ఆ సవరయ్య ఈ మధ్య ఇటేమైనా వచ్చాడా అని అడిగి, వరసగా మూడు ఆవులింతలు తీశారు.

గోడ అవతల మల్లయ్య మూడు వేళ్లు ఎత్తి చూపించాడు.

బుజ్జమ్మ కొంగు భుజం మీదుగా సర్దుకుంది.

"బావగారూ, రోజుకి ఎన్నండి?"

వీరరాఘవయ్యగారు గుమ్మంవైపు చూశారు. కర్ర అందుకున్నారు. లేవబోయి మళ్లీ కూర్చున్నారు. అన్నేళ్లలో మొదటిసారి ఆయన మీద భయం పోయి జాలి కలిగింది.

"నాలుగమ్మా," అన్నారాయన చివరికి. "కీళ్ల నొప్పులకని మొదలైంది."

ఆవిడ పుష్పావతిని కేకేసింది. మల్లయ్య పక్క మంచం ఖాళీగా ఉంటే ఆయన్ని అక్కడే చేర్చారు. ఇంటికి మాత్రం పడిశెం ముదిరిందని కబురు పంపారు. ఇంట్లో ఏం చెప్పుకోవాలన్నది ఆయన ఇష్టమని, డాక్టరుగారి దగ్గర మాత్రం అబద్ధం చెప్పొద్దని బుజ్జమ్మ హెచ్చరించింది. ఆ రోజు నుంచి పది, నాలుగు గంటల మధ్య మల్లయ్యకి ఊపిరాడలేదు, ఇద్దరికి చెప్పాల్సి వచ్చేది.

బుజ్జమ్మ డిశ్చార్జి అయ్యేనాటికి ఏడు చుక్కల దగ్గరుంది. మిగిలినవి ఇంటి దగ్గర, రెండు వారాలకొకటి చొప్పున తగ్గిస్తూ, కోడలు పోసేది. చివరి చుక్క ఆగేసరికి శ్రావణం దాటింది. మల్లయ్య నాలుగు నెలలు సారా ముట్టలేదు. దసరాకి ముట్టాడు. మూడు రోజులు తాగి, నాలుగో నాడు తనంతట తనే బస్సెక్కి నర్సింగ్ హోమ్‌కి వచ్చి, మళ్లీ కోతులు రాకముందే పడుకోబెట్టండి అన్నాడు.

ఆ మాట తెలిసి బుజ్జమ్మ క్యారేజీ కట్టించుకుని వచ్చింది. మల్లయ్య సిగ్గుపడి దుప్పటి కప్పుకోబోయాడు. ఆవిడ హితబోధ జోలికి పోకుండా అన్నం కలిపి ఎడమచేతివైపు పెట్టింది, కుడిచేతికి సూది ఉంది కాబట్టి. తిన్నంతసేపూ పక్కన కూర్చుంది. తర్వాత పుష్పావతిని పిలిచి, ఆడవాళ్ల వార్డులో రెండు రోజులకి తనకో మంచం కావాలంది. వారం నుంచి మనసు మాత్రవైపు లాగుతోందని, ఇంట్లో ఉంటే నిలబడలేనేమోనని భయంగా ఉందని చెప్పింది.

పుష్పావతి కాగితం తీసి, జబ్బు ఏమని రాయమంటారు మామ్మగారూ అని అడిగింది.

బుజ్జమ్మ చెప్పింది. వార్డులో కొత్తగా వచ్చినవాళ్లు తలలు తిప్పి చూశారు. పుష్పావతి రాసుకుంది. కిటికీ పక్కది ఖాళీగా ఉందా అని అడుగుతూ బుజ్జమ్మ చెప్పులు విడిచింది.